ఫైర్‌ప్లేస్ వెనక దాగిన పాత బాయిలర్: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో పాత ఇల్లు కొన్న మనవాళ్లు హాల్లో గ్యాస్ ఫైర్ కనిపిస్తే అది ఆ గదికే అనుకుంటారు. 1960లు, 70ల్లో హీటింగ్ పెట్టించుకున్న చాలా ఇళ్లలో దాని వెనక చిమ్నీలో బ్యాక్ బాయిలర్ ఉంటుంది. రేడియేటర్లు, వేడినీళ్లు అన్నీ దాని మీదే నడుస్తాయి. ఈ పాత బాయిలర్లను తీసి కొత్తవి బిగించడమే నా పని.

అపోహ: బ్యాక్ బాయిలర్లను నిషేధించారు, వెంటనే పీకించాలి.

నిషేధం ఏమీ లేదు. ఏటా సర్వీసు చేయించి, సేఫ్ అని తేలితే వాడుకోవచ్చు. కాకపోతే స్పేర్ పార్టులు దొరకడం కష్టం. పైగా వేడిలో దాదాపు మూడో వంతు చిమ్నీలోంచి బయటికి పోతుంది. కొత్త కండెన్సింగ్ బాయిలర్ (బయటికి పోయే పొగలోని వేడిని కూడా రాబట్టేది) సరిగా సెట్ చేస్తే 90 శాతం దాకా ఇంటికే అందుతుంది.

అపోహ: పాతది అక్కడే వదిలేస్తే ఖర్చు మిగులుతుంది.

నాకు అన్నిటికన్నా భయం దీంతోనే. బొగ్గు కాలం నాటి బాయిలర్‌కి పైపులు కోసి, రెండు చివరలూ మూసేసి వదిలేస్తారు. అది మూత బిగించిన ఇనప డబ్బా. లోపల కాస్త నీళ్లు మిగిలి ఉంటాయి. కొన్నేళ్లకు ఇల్లు చేతులు మారుతుంది. కొత్తవాళ్లు ముచ్చటపడి అదే గూట్లో కట్టెలు వెలిగిస్తారు. నీళ్లు ఆవిరవుతాయి, ఆవిరికి దారి ఉండదు, డబ్బా పేలుతుంది. ఇలా ప్రాణాలు పోయాయి కూడా. కాబట్టి కొటేషన్‌లో ‘పాత బాయిలర్ తొలగింపు’ అని రాయించుకోండి. ఏ కారణంతోనైనా తీయలేకపోతే, లోపల ఒత్తిడి పెరగకుండా నీళ్లు వంపి రంధ్రాలు వేయించాలి.

అపోహ: చిమ్నీ పూర్తిగా మూసేస్తే ఇల్లు వెచ్చగా ఉంటుంది.

గాలాడని చిమ్నీలో తేమ చేరి గోడ మీద మరకలు పడతాయి. పైన వాన పడకుండా గాలాడే మూత, కింద గదిలో చిన్న జాలీ, రెండూ ఉండాలి.

అపోహ: కాంబీ (నీళ్లు నిల్వ ఉంచకుండా, ట్యాప్ తిప్పగానే కాచి ఇచ్చే బాయిలర్) పెడితే వేడినీళ్లు నిల్వ ఉంచే సిలిండర్, ట్యాంకు గొడవ వదిలిపోతుంది.

వదిలిపోతుంది, నిజమే. కానీ రెండు బాత్రూముల్లో ఒకేసారి షవర్ తిప్పితే ధార పల్చబడుతుంది. అమ్మానాన్నలు వచ్చి నెలల తరబడి ఉండే ఇంటికి సిలిండరే మేలని నేను చెబుతాను. ముందుగా కిచెన్ ట్యాప్ పూర్తిగా తిప్పి, నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయో పట్టి చూడండి. పది కూడా రాకపోతే కాంబీ జోలికి పోవద్దు.

అపోహ: తెలిసిన ప్లంబర్ ఎవరైనా చేసేస్తారు.

గ్యాస్ పని గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (గ్యాస్ పని చేసేవాళ్ల అధికారిక జాబితా) ఉన్నవాళ్లే చేయాలి. వాళ్ల గుర్తింపు కార్డు వెనక్కి తిప్పి చూడండి, ఏయే పనులకు అర్హత ఉందో అక్కడ ఉంటుంది. పాత ఫ్లూలలో (పొగ గొట్టాల్లో), బాయిలర్ సీళ్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, దాని దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. బ్రిటన్‌లో 1999లో గానీ దాన్ని పూర్తిగా నిషేధించలేదు. అనుమానం ఉంటే పరీక్ష చేయించేదాకా సుత్తి పట్టనివ్వకండి. పాత బాయిలర్ ఉన్నన్నాళ్లూ ఆ గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోండి. ఆ విషవాయువుకి వాసన ఉండదు.