ఉపగ్రహం చూసింది, ఊళ్లకు తెలియలేదు

1970 నవంబరులో బంగాళాఖాతంలో లేచిన భోలా తుఫాను ఉపగ్రహ చిత్రాల్లో ముందే కనబడింది. అయినా అప్పటి తూర్పు పాకిస్తాన్ (నేటి బంగ్లాదేశ్) తీరంలో, దీవుల్లో కనీసం 3 లక్షల మంది చనిపోయారు. ఉప్పెన ఎంత ఎత్తున వస్తుందో, ఎటు వెళ్లాలో చాలామందికి ఎవరూ చెప్పలేదు. ఉపగ్రహాలూ విపత్తులూ అనగానే నాకు ముందుగా ఈ తుఫానే గుర్తొస్తుంది.

అంతకు పదేళ్ల ముందు, 1960 ఏప్రిల్ 1న అమెరికా పంపిన టైరోస్-1 ఉపగ్రహం మేఘాలను ఫొటోలు తీసింది. నేలనూ, నేల మీది నీటినీ ఏళ్ల తరబడి గమనించే పని 1972లో అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్-1తో మొదలైంది. కానీ చాలాకాలం ఒక్కో చిత్రానికి వందల డాలర్లు కట్టాల్సి వచ్చేది. 2008లో వాటిని ఉచితం చేశారు. ఈ చరిత్రలో ఏ కొత్త ఉపగ్రహం కన్నా ఇదే పెద్ద మలుపని నేను నమ్ముతాను. 2016లో ఐరోపా పరిశోధకులు సుమారు 30 లక్షల ల్యాండ్‌శాట్ చిత్రాలను కంప్యూటర్లతో జల్లెడపట్టి, 32 ఏళ్లలో ప్రపంచమంతటా నీరు ఎక్కడ నిలిచిందో, ఎక్కడ ఇంకిపోయిందో మ్యాపు గీశారు. డబ్బు పోసి కొనాలంటే అన్ని చిత్రాలు ఎవరు కొనగలరు?

వరదతో ఇంకో చిక్కుంది. వరద రోజున ఆకాశమంతా మబ్బే, మామూలు కెమెరాకు కింద ఏమీ కనబడదు. ఉపగ్రహం పంపే రాడార్ తరంగాలు మబ్బును, చీకటిని దాటిపోతాయి. కదలని నీరు వాటిని ఉపగ్రహం వైపు తిరిగి రానివ్వకుండా అద్దంలా పక్కకు మళ్లిస్తుంది కాబట్టి మునిగిన పొలం చిత్రంలో నల్లగా పడుతుంది. 2014లో వెళ్లిన ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-1 ఇలాంటి చిత్రాలను అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఇళ్ల మధ్య, దట్టమైన చెట్ల కింద చేరిన నీటిని పసిగట్టడం మాత్రం ఇప్పటికీ కష్టమే.

భూగర్భ జలాన్ని ఏ కెమెరా చూడలేదు. 2002లో వెళ్లిన గ్రేస్ జంట ఉపగ్రహాలు నీరు పెరిగినా తరిగినా గురుత్వాకర్షణలో వచ్చే చిన్న మార్పులను బట్టి దాన్ని అంచనా కట్టాయి. 2002-2008 మధ్య వాయవ్య భారతంలో 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం తరిగిపోయిందని ఆ లెక్కలతోనే తేలింది. అయితే అది విశాలమైన ప్రాంతాల లెక్క. ఫలానా ఊరి బోరులో నీళ్లెంతున్నాయో అది చెప్పదు.

భోలా విరుచుకుపడిన తీరంలో 1972లో వాలంటీర్ల వ్యవస్థ మొదలైంది. హెచ్చరిక రాగానే వాళ్లు మెగాఫోన్లు పట్టుకుని ఊళ్లలో తిరుగుతారు, జనాన్ని షెల్టర్లకు చేరుస్తారు. 2007లో అక్కడే సిడర్ తుఫాను వచ్చినప్పుడు సుమారు 3,400 మంది చనిపోయారు. ఆ సంఖ్య చిన్నదేమీ కాదు. కానీ అప్పటికి ఉపగ్రహం చూసిన సంగతి గడప దాకా చేరుతోంది.