డాబా మీద సోలార్: వద్దనేవాళ్ల అపోహలు, పెట్టమనేవాళ్ల అపోహలు

కాలనీ సంఘం మీటింగులో సోలార్ మాట ఎత్తగానే కొన్ని అభ్యంతరాలు వరసగా వస్తాయి. స్లాబు కారుతుంది, వానాకాలం పనిచేయదు, మున్సిపాలిటీకి డబ్బెక్కడిది అంటారు. వీటికి జవాబు చెప్పడం తేలికే. అసలు చిక్కంతా ఉత్సాహంగా ప్రచారం చేసేవాళ్లు పంచే అపోహలతోనే. "బిల్లు సున్నా వస్తుంది", "కరెంటు పోయినా మీ ఇంట్లో ఫ్యాను తిరుగుతుంది" అని నమ్మించి పెట్టించిన ఒక్క ఇంట్లో అలా జరగకపోతే చాలు, ఆ వీధిలో మళ్లీ ఎవరూ ఆ ఊసెత్తరు. కాబట్టి ముందు వాటి సంగతే చూద్దాం.

అపోహ: సోలార్ ఉంటే కరెంటు పోయినా మనకు పోదు.

పోతుంది. సబ్సిడీతో హైదరాబాద్‌లో పెడుతున్న ప్లాంట్లు చాలావరకు గ్రిడ్‌కు కలిపినవి, బ్యాటరీ లేనివి. లైన్‌లో కరెంటు ఆగిన మరుక్షణం సోలార్ ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోతుంది. అది లోపం కాదు, అలా ఆగేలాగే తయారు చేస్తారు. ఫీడరు ఆపి స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మన డాబా మీది కరెంటు వెనక్కి వచ్చి తగలకూడదు. పగటిపూట కోతల్లోనూ ఇల్లు నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, లిథియం బ్యాటరీ కావాలి. దానికి ఖర్చు బాగా పెరుగుతుంది, బ్యాటరీకి విడిగా సబ్సిడీ లేదు. గంటా రెండు గంటల కోతకు ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టరే చాలు, దాన్ని పీకేయొద్దు.

అపోహ: ఎవరు పెట్టినా లాభమే.

ఇక్కడ కాస్త లెక్క అవసరం. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద అర్హులైన ఇళ్లకు 2024 మార్చి బిల్లుల నుంచి నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం. ఇప్పటికే సున్నా బిల్లు వస్తున్న ఇంటికి వెళ్లి సోలార్‌తో డబ్బు మిగులుతుందని చెప్పడం ఆ ఇంటివాళ్లను మోసగించడమే. నెలకు 150 యూనిట్లు వాడుతూ ఉచితం రాని ఇంటికీ పెట్టుబడి తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది.

లాభమంతా 200 యూనిట్లు దాటిన ఇళ్లలో ఉంది. 2022-23లో అమల్లోకి వచ్చిన కరెంటు రేట్ల ప్రకారం వాడకం 200 దాటితే మొదటి 200 యూనిట్లకూ 5.10 రూపాయల చొప్పున పడుతుంది. ఆ పైన 300 వరకు 7.70, 400 వరకు 9 రూపాయలు, 800 వరకు 9.50. అదే వాడకం 100 దాటి 200 లోపు ఆగితే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80 మాత్రమే. గీత దాటితే పైన వాడిన యూనిట్లే కాదు, కిందివీ ఖరీదవుతాయి.

నెలకు 350 యూనిట్లు వాడే ఇల్లు తీసుకోండి. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, పన్నులు పక్కన పెడితే యూనిట్ల బిల్లు 2,240 రూపాయలు. హైదరాబాద్‌లో ఒక కిలోవాట్ సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తుంది. అంటే 2 కిలోవాట్లు నెలకు 240 ఇస్తాయి, బిల్లు లెక్కకు 110 యూనిట్లే మిగులుతాయి, బిల్లు 388కి దిగుతుంది. అక్కడికే 1,852 రూపాయలు తగ్గింది. మూడో కిలోవాట్ పెడితే అదనంగా దక్కేది ఆ 388 మాత్రమే. పైగా కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000. మొత్తం 78,000 దగ్గర ఆగిపోతుంది, 5 కిలోవాట్లు పెట్టినా అంతే.

ఇక ఎండాకాలంలో రెండు ఏసీలు తిరిగి నెలకు 500 యూనిట్లు వాడే ఇంటి లెక్క వేరు. యూనిట్ల బిల్లు 3,640. అక్కడ 3 కిలోవాట్లు పెడితే 532కి వస్తుంది, 2 కిలోవాట్లయితే 260 యూనిట్లు మిగిలి మళ్లీ 200 గీత పైనే నిలబడి 1,482 కట్టాలి. అందుకే ఎన్ని కిలోవాట్లు అన్నది డాబా కొలిచి చెప్పకూడదు, 12 నెలల బిల్లులు ముందేసుకుని చెప్పాలి. "జాగా ఉంది కదా, ఐదు వేసేద్దాం" అనే విక్రేత మాట వినొద్దు. మిగులు కరెంటుకు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఇచ్చే ధర మనం కొనే ధర కన్నా తక్కువ.

అపోహ: బిల్లు సున్నా.

ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ ఎప్పుడూ ఉంటాయి. "యూనిట్ల బిల్లు దాదాపు పోతుంది" అని చెబితే చాలు, అదీ చిన్న మాటేం కాదు.

అపోహ: ఎండ ఎంత మండితే అంత కరెంటు.

ప్యానెల్‌కు వెలుతురు కావాలి, వేడి పడదు. ప్యానెళ్ల సామర్థ్యం కొలిచేది 25 డిగ్రీల దగ్గర. ఆ పైన ప్రతి డిగ్రీకి ఒక శాతంలో మూడో వంతు దాకా తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ వేడి 60 డిగ్రీలు దాటుతుంది, అంటే పది శాతం పైనే అక్కడ పోతుంది. ప్యానెళ్లను స్లాబుకు అంటించినట్టు పెట్టకుండా కింద గాలి ఆడేలా ఎత్తు ఇవ్వాలనేది ఇందుకే. జులై, ఆగస్టుల్లో మబ్బుతో ఉత్పత్తి పడిపోతుంది కానీ ఆగిపోదు. ఏడాది మొత్తానికి కిలోవాట్‌కు 1,400 యూనిట్ల పైమాటే.

వేడి, మబ్బుల కన్నా ఎక్కువ దెబ్బ తీసేది నీడ. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. ప్యానెళ్లను వరసగా ఒకే తీగకు కలుపుతారు. ఒక ప్యానెల్ మీద నీడ పడితే ఆ ప్యానెల్ ఒక్కటే కాదు, వరస మొత్తం నీరసపడుతుంది. ప్యానెల్‌లోని బైపాస్ డయోడ్లు కొంత ఆదుకుంటాయి తప్ప నష్టాన్ని మాన్పలేవు. మన ఊళ్లో నీడకు ప్రధాన కారణం వాస్తు. ఓవర్‌హెడ్ ట్యాంకు నైరుతిలో, అన్నిటికన్నా ఎత్తుగా కడతాం. శీతాకాలం మధ్యాహ్నం సూర్యుడు ఉండేదీ నైరుతిలోనే. ట్యాంకు నీడ పొడుగ్గా సాగి ఈశాన్యం వైపు, సరిగ్గా ఖాళీగా కనిపించే డాబా మీద పడుతుంది. మే, ఆగస్టు నెలల్లో సూర్యుడు హైదరాబాద్‌లో నడినెత్తికి వచ్చి నీడే లేని రోజులుంటాయి. ఆ రోజుల్లో డాబా చూసి "నీడ సమస్య లేదు" అని రాసిచ్చిన సర్వే కాగితం డిసెంబరులో ఎందుకూ పనికిరాదు. డిసెంబరు మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంటే ప్యానెల్ కన్నా 6 అడుగులు ఎత్తున్న గోడ నీడ ఆ వేళకే 5 అడుగులకు పైగా ఉత్తరానికి పడుతుంది. సాయంత్రం మూడున్నరకు ఇంకెంత సాగుతుందో డాబా ఎక్కి చూడండి. ట్యాంకును జరపలేం కాబట్టి ప్యానెళ్లను తూర్పు, దక్షిణం అంచులకు జరపాలి. అదీ కుదరకపోతే ఒక ప్యానెల్ తగ్గించుకోవడమే మేలు.

అపోహ: బరువుకు స్లాబు దిగిపోతుంది, బోల్టులకు కారుతుంది.

540 వాట్ల ప్యానెల్ 28 కిలోల పైచిలుకు ఉంటుంది. 3 కిలోవాట్లకు ఆరు ప్యానెళ్లు, కాస్త ఇనుము, అదీ 300 చదరపు అడుగుల మీద పరుచుకుని ఉంటుంది. నిండిన వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక్కటే టన్ను బరువు. బరువు మాట వదిలేయండి. భయపడాల్సింది గాలికి. భారత ప్రమాణాల ప్రకారం హైదరాబాద్‌లో నిర్మాణాలకు లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 158 కిలోమీటర్లు. కింద బట్టలు ఆరేసుకోవచ్చని ప్యానెళ్లను పది అడుగుల ఎత్తులో పెట్టించుకుంటే, ఏప్రిల్ ఈదురుగాలికి అవి గాలిపటంలా పైకి లాగుతాయి. అంత ఎత్తు కావాలంటే కాళ్ల మధ్య అడ్డ బిగింపులు, దిమ్మెలు, ఇంజినీరు సంతకమున్న డ్రాయింగు అడగాలి.

కారడం మాత్రం నిజంగానే జరుగుతుంది, పని చెడగొడితే. వాటర్‌ప్రూఫింగ్ పొరను చీల్చుకుంటూ స్లాబులోకి డ్రిల్ చేసి, బోల్టు బిగించి, పైన తెల్ల సిమెంటు పూసి వెళ్లిపోతే రెండో వానాకాలానికి పెచ్చులూడతాయి. స్లాబు మీద కాంక్రీటు దిమ్మెలు పోసి వాటిలో కాళ్లు నిలపడం మంచిది. డ్రిల్ తప్పదంటే కెమికల్ యాంకర్ (రసాయన జిగురుతో బిగించే బోల్టు) వాడించి, చుట్టూ మళ్లీ వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి. డాబాకు రిపేరు ఉంటే ముందే చేయించుకోండి. ప్యానెళ్లు పెట్టాక దానికి చేయి పట్టదు.

అపోహ: పెట్టాక చూసుకోనక్కర్లేదు.

కడగాలి. జనవరి నుంచి మే దాకా పదిహేను రోజులకోసారి. కట్టడాలు సాగుతున్న కోకాపేట, నార్సింగి వైపు వారానికోసారి. బోరు నీళ్లు వద్దు, ఆ ఉప్పు అద్దం మీద తెల్లటి పొరలా పేరుకుపోయి తర్వాత గీకినా పోదు. నల్లా నీళ్లు పట్టుకుని, తెల్లవారాక ఎండెక్కకముందే, మెత్తటి బ్రష్‌తో కడగాలి. మధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చల్లనీళ్లు కొట్టారో, పగలొచ్చు. ప్యానెళ్ల కింద పావురాలు చేరకుండా చుట్టూ జాలీ కట్టించండి, సంక్రాంతి తర్వాత చిక్కుకున్న మాంజా తీసేయండి.

అపోహ: కాగితాల పని విక్రేత చూసుకుంటాడు, మనకెందుకు.

దరఖాస్తులు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. మీటరు ఇంకా బిల్డరు పేరునో, ఇల్లు అమ్మినాయన పేరునో, చనిపోయిన తండ్రి పేరునో ఉంటుంది. బ్యాంకు ఖాతా కొడుకు పేరున ఉంటుంది. పేర్లు కలవకపోతే సబ్సిడీ రాదు. కాబట్టి మొదటి మెట్టు మీటరు పేరు మార్పిడి. తర్వాత బిల్లు మీది యూఎస్‌సీ నంబరుతో (మన కనెక్షన్‌కు ఇచ్చిన ప్రత్యేక నంబరు) జాతీయ పోర్టల్‌లో నమోదు, నమోదైన విక్రేతల నుంచి ఎంపిక, బిగింపు, డిస్కం తనిఖీ, నెట్ మీటరు (తీసుకున్న కరెంటునూ, బయటికి పంపినదాన్నీ విడిగా లెక్కేసేది), చివరికి సబ్సిడీ. 10 కిలోవాట్ల లోపు అయితే సాంకేతిక సాధ్యత పరిశీలన కోసం ఆగే పని లేదని 2024 సవరణతో తేలిపోయింది.

సబ్సిడీ రావాలంటే ప్యానెల్‌లోని సెల్ కూడా దేశంలో తయారైనదే కావాలి. విక్రేత నుంచి ఆ దేశీయ తయారీని చూపే డీసీఆర్ ధ్రువపత్రం, ప్యానెళ్ల సీరియల్ నంబర్ల జాబితా తీసుకుని, డాబా ఎక్కి ఒక్కొక్కటీ సరిచూడండి. డీసీ, ఏసీ, పిడుగు కడ్డీ మూడింటికీ విడివిడిగా ఎర్తింగ్ గుంతలు ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. చివరి పది శాతం డబ్బు నెట్ మీటరు పెట్టాకే ఇవ్వండి. ఇంకో మాట: నెట్ మీటరు రాకముందే "టెస్టింగ్" అని ప్లాంటు నడిపిస్తారు. చాలా పాత మీటర్లు బయటికి వెళ్లే కరెంటును కూడా వాడకంగానే లెక్కేస్తాయి. ఆ నెల బిల్లు రెట్టింపై, సోలార్ వల్లే పెరిగిందనే పుకారు వీధంతా పాకుతుంది.

అపోహ: అపార్ట్‌మెంట్లకు కుదరదు.

లిఫ్టు, మోటార్లు, మెట్ల లైట్లు నడిచే కామన్ మీటరుకు సంఘం పేరున పెట్టుకోవచ్చు. కిలోవాట్‌కు 18,000 చొప్పున సబ్సిడీ ఉంది. కావాల్సింది జనరల్ బాడీ తీర్మానం. ఆ తీర్మానంలో డాబా ఏ భాగం, ఎన్నేళ్లు, కడిగేదెవరు అన్నది రాయకపోతే కమిటీ మారిన మర్నాడు గొడవ.

అపోహ: ఇది డిస్కం పని, మున్సిపాలిటీకి సంబంధం లేదు.

తమ పరిధిలో పడే ప్రతి ఇంటి ప్లాంటుకు పట్టణ స్థానిక సంస్థకు 1,000 రూపాయల ప్రోత్సాహకం పీఎం సూర్యఘర్‌లోనే ఉంది. ఈ సంగతి వార్డు కార్యాలయానికి ఎవరైనా వెళ్లి చెప్పాలి. బోయిన్‌పల్లి మార్కెట్లో రోజుకు 10 టన్నుల కూరగాయల చెత్త నుంచి దాదాపు 500 యూనిట్లు తీసే బయోగ్యాస్ ప్లాంటు, ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీది 16 మెగావాట్ల సోలార్ కప్పు కళ్లెదుటే ఉన్నాయి. అయితే ప్రతిపాదన పట్టుకెళ్లేటప్పుడు అంత పెద్దవి వద్దు. వార్డులోని బడి, కమ్యూనిటీ హాలు, ఆఫీసు భవనాల ఏడాది బిల్లులు, డాబా కొలతలు తీసుకెళ్లండి. కరెంటు లైను ఉన్న వీధిలో సోలార్ దీపం స్తంభాలు మాత్రం అడగొద్దు. కొన్నేళ్లకే బ్యాటరీలు చచ్చి, దీపాలు చీకట్లో నిలబడతాయి. ఎల్‌ఈడీ, వేళకు వెలిగి ఆరే స్విచ్చి అక్కడ మెరుగు.

నిధులు లేవంటే రెస్కో పద్ధతి ఉంది. కంపెనీయే పెట్టుబడి పెడుతుంది, భవనం యూనిట్‌కు ఇంత అని దీర్ఘకాలం కడుతుంది. ఒప్పందంలో ధరతో పాటు మూడు సంగతులు రాయించాలి: స్లాబు రిపేరు వస్తే ప్యానెళ్లు తీసి మళ్లీ పెట్టే ఖర్చు ఎవరిది, వేసవి సెలవుల్లో బడి వాడని కరెంటు ఎవరి ఖాతాలోకి, డాబా తాళం ఎవరి దగ్గర. పైన నల్లా లేని బడి డాబా మీద ప్యానెళ్లు పెడితే కడిగేవాళ్లుండరు. టెండరులోనే పైపు లైను కూడా చేర్చించండి.