ఈడిపస్ చేసిన తప్పేంటి? గ్రీక్ ట్రాజెడీ మీద అపోహలు - వాస్తవాలు

ఎం.ఏ. ఇంగ్లీష్‌లో డ్రామా పేపర్ దిద్దేవాళ్లకు, గ్రీకు నాటకకర్త సోఫొక్లిస్ రాసిన 'ఈడిపస్ రెక్స్' మీద ఈ జవాబు కంఠతా వచ్చేసి ఉంటుంది. "ఈడిపస్ గొప్ప రాజు. కానీ అతనిలో గర్వం అనే ట్రాజిక్ ఫ్లా ఉంది. దానివల్ల పతనమయ్యాడు. దీన్నే హమార్షియా అంటారు." పేజీ తిప్పితే అదే చేతిరాతలో, "ఈడిపస్ విధి చేతిలో కీలుబొమ్మ" అని ఉంటుంది. పుట్టకముందే అంతా రాసిపెట్టి ఉంటే ఇక గర్వంతో పనేముంది? గర్వమే కారణమైతే విధి చేసిందేంటి? ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయని రాసేవాళ్లకు అనుమానం రాదు, ఎందుకంటే రెండూ గైడులోంచి దిగినవే. నాటకం తెరిచి చూసినవాళ్లు తక్కువ.

పిల్లల్ని తప్పుపట్టడం లేదు. డిగ్రీ వరకు తెలుగు మీడియంలో చదివి, ఒక్కసారిగా సోఫొక్లిస్‌ను ఇంగ్లీష్ అనువాదంలో చదవమంటే భయం వేస్తుంది. పేర్లు నోరు తిరగవు. పరీక్ష రెండు వారాల్లోకి వచ్చేసరికి టెన్షన్‌తో నాలుగు పాయింట్లు బట్టీ పట్టేస్తారు. నా కోపమంతా ఆ నాలుగు పాయింట్లను ఏళ్ల తరబడి ఒకరి దగ్గర ఒకరు కాపీ కొట్టి అమ్ముతున్న నోట్సుల మీద.

అపోహ: ఈడిపస్‌లో ఒక లోపం ఉంది. ఆ లోపానికి శిక్ష పడింది.

అన్నిటికన్నా నష్టం చేసేది ఇదే, కాబట్టి దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

నాటకం ఎలా మొదలవుతుందో చూడండి. థీబ్స్ నగరంలో మహమ్మారి. పంటలు ఎండిపోతున్నాయి, పశువులు చస్తున్నాయి, కాన్పులు నిలవడం లేదు. జనం రాజుగారి గుమ్మం ముందు వచ్చి కూర్చున్నారు. వాళ్లు అడక్కముందే ఈడిపస్ బావమరిది క్రెయాన్‌ను, అపోలో దేవుడి జోస్యం చెప్పే డెల్ఫీకి పంపి ఉన్నాడు. పాత రాజు లేయస్‌ను చంపినవాడు ఈ ఊళ్లోనే ఉన్నాడు, వాడి సంగతి తేల్చితేగానీ పీడ వదలదు అని క్రెయాన్ కబురు తెచ్చాడు. ఈడిపస్ వెంటనే దర్యాప్తు మొదలుపెట్టాడు. ఏ మంచి రాజైనా ఇంతకంటే ఏం చేస్తాడు? అతని పతనానికి దారి తీసింది ఈ దర్యాప్తే. ఊరి మీద అతనికున్న ప్రేమే అతన్ని ఆ దారి పట్టించింది.

తర్వాత ప్రవక్త టైరీసియస్ వస్తాడు. చెప్పను, నన్ను ఇంటికి పంపించు అని బతిమాలుతాడు. ఈడిపస్ రెచ్చగొడితే, నువ్వు వెతుకుతున్న హంతకుడివి నువ్వేనని ముఖం మీదే అనేస్తాడు. ఇదంతా క్రెయాన్ కుట్ర అనుకుని ఈడిపస్ మండిపడతాడు. అవును, అతనికి కోపం ఎక్కువ. క్రెయాన్‌ను చంపిస్తానంటాడు, చివర్లో ముసలి పశువుల కాపరి చేతులు వెనక్కి విరిపిస్తాడు కూడా. వీటిని దాచాల్సిన పని లేదు. అది అతని స్వభావం. అయితే స్వభావం వేరు, కారణం వేరు. లేయస్ తన కొడుకు చేతిలో చస్తాడన్న మాట ఈడిపస్ పుట్టకముందే వచ్చింది. సోఫొక్లిస్ దానికి ఏ షరతూ పెట్టలేదు, కొడుకు కోపిష్టి అయితేనే అనలేదు.

ఇప్పుడు జోకాస్టా సీన్. ఆమె ఈడిపస్ భార్య, అంతకుముందు పాత రాజు లేయస్ భార్య. నాటకం మొత్తంలో నేను క్లాసులో నెమ్మదిగా, మాట మాటా ఆగి చదివించేది ఇదొక్కటే. భర్త కంగారు చూసి ఆమె ధైర్యం చెప్పడానికి వస్తుంది. జోస్యాలను పట్టించుకోకు, నా మొదటి భర్త కన్నకొడుకు చేతిలో చస్తాడన్నారు, ఏమైంది? ఆ బిడ్డ పుట్టి మూడు రోజులు కాకముందే మడమలు కలిపి కట్టించి కొండ మీద పారేయించాడు. ఆయన్నేమో మూడు దారులు కలిసే చోట దొంగలు చంపారు. ఇదీ ఆమె చెప్పే సాక్ష్యం.

ఈ మాటల్లో రెండు ఆధారాలున్నాయి, బిడ్డ మడమలు, మూడు దారులు. మడమల ముక్క ఈడిపస్ చెవికి ఎక్కనే లేదు. పుట్టుక గురించి అతనికింకా అనుమానం లేదు. మూడు దారులు అనగానే మాత్రం అదిరిపడ్డాడు, తానూ ఒకప్పుడు అలాంటి చోటే ఒక ముసలాయన్ని చంపి ఉన్నాడు మరి. ఎక్కడ ఆ చోటు? ఫోకిస్‌లో, డెల్ఫీ నుంచి, డౌలియా నుంచి వచ్చే దారులు కలిసే చోట. ఎప్పుడు? నువ్వు రాజువయ్యే కాస్త ముందు. లేయస్ ఎలా ఉండేవాడు? తల అప్పుడప్పుడే నెరుస్తోంది, పోలికలో నీకు మరీ దూరం కాదు. వెంట ఎంతమంది? మొత్తం ఐదుగురు, ఒక బండి. ఒక్కో ప్రశ్నకూ ఆమె అమాయకంగా జవాబు చెబుతూనే ఉంటుంది. భర్తను ఊరడించడానికి వచ్చిన మనిషి చేతే ఉచ్చు బిగిసింది.

ఇలాంటిదే ఇంకోసారి జరుగుతుంది. కోరింథ్ నుంచి దూత వచ్చి, ఈడిపస్ తన తండ్రి అనుకుంటున్న పాలిబస్ రాజు చనిపోయాడంటాడు. తండ్రిని చంపుతావు, తల్లిని పెళ్లాడతావు అని ఈడిపస్ ఒకప్పుడు డెల్ఫీలో విని ఉన్నాడు. తండ్రిని చంపుతానన్న భయం తీరింది కదా అని ఈడిపస్ ఊపిరి పీల్చుకుంటాడు. మరి తల్లి మెరోపీ ఇంకా బతికే ఉందిగా, ఆ భయం మాటేంటి? దూత నవ్వుతూ ఆ భయం కూడా తీసేస్తాడు. వాళ్లు నీ కన్నవాళ్లే కాదు నాయనా, సిథేరాన్ కొండ మీద నిన్ను నా చేతుల్లోకి తీసుకున్నాను, నీ మడమల కట్లు విప్పింది నేనే అంటాడు. బహుమానం వస్తుందన్న ఆశా అతనికి ఉంది, పాపం ఆ మాట దాచుకోడు. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తన 'పొయెటిక్స్' గ్రంథంలో కథ మలుపుకు ఉదాహరణగా తీసుకున్నది ఈ దూతనే. మేలు చేద్దామని వచ్చి అంతా తలకిందులు చేశాడు.

ఆఖర్న ముసలి కాపరి. బిడ్డను కొండ మీద వదిలేయమని ఇచ్చింది ఇతనికే. బిడ్డను ఎందుకు చంపలేదురా అంటే, జాలిపడ్డాను దొరా అంటాడు.

అందర్నీ ఒక వరసలో పెట్టి చూడండి. ఊరి మీద ప్రేమతో రాజు, భర్త మీద ప్రేమతో జోకాస్టా, భయం పోగొడదామని దూత, జాలితో కాపరి. ఈ నాటకంలో విలన్ లేడు. కథ ఒక్కో అడుగు ముందుకు పడేది ఎవరో ఒకరు మంచి చేయబోవడం వల్లే. సోఫొక్లిస్ కట్టిన ప్లాట్ ఇది. "గర్వం, శిక్ష" అని రాసేసిన విద్యార్థికి ఇందులో ఒక్క ముక్క కూడా కనపడదు. మార్కులు పోతాయి సరే, నాటకమే చేజారిపోతుంది.

మరి అరిస్టాటిల్ చెప్పాడు కదా అంటారు. 'పొయెటిక్స్' 13వ అధ్యాయంలో ఆయన చెప్పింది ఏంటంటే, మనిషి దుర్మార్గం వల్ల కాకుండా ఒక పొరపాటు (హమార్షియా అంటే ఇదే) వల్ల కష్టంలో పడాలని. ఈడిపస్ పేరు ఎత్తింది కూడా అక్కడే. ఎదుటి మనిషి తండ్రి అని తెలియదు, పెళ్లాడినామె తల్లి అని తెలియదు. ఆ తెలియకపోవడమే పొరపాటు. ఇంకో సంగతి, సోఫొక్లిస్ అరిస్టాటిల్ ఫార్ములా ప్రకారం రాశాడు అని కొందరు రాస్తారు. సోఫొక్లిస్ పోయింది క్రీ.పూ. 406 ప్రాంతంలో. అరిస్టాటిల్ పుట్టిందే క్రీ.పూ. 384లో.

ఈ అపోహ మీద నాకింత పట్టుదల ఉండటానికి పరీక్షలు ఒక్కటే కారణం కాదు. ఒక ఏడాది ఈ పాఠం అయ్యాక ఒకమ్మాయి స్టాఫ్ రూమ్‌కి వచ్చింది. "మేడమ్, ఆ కాపరి జాలిపడకపోతే ఇదంతా జరిగేది కాదు కదా, మరి తప్పు అతనిదేనా?" అని అడిగింది. అలా అడుగుతున్నప్పుడు ఆమె గొంతు మామూలుగా లేదు. కూర్చోబెట్టి కాస్త మంచినీళ్లు ఇచ్చాక చెప్పింది. కరోనా సెకండ్ వేవ్‌లో, నాన్న సిటీలో ఒక్కడే ఉంటే వండిపెట్టేవాళ్లు కూడా ఉండరని తనే పట్టుబట్టి ఊరికి రప్పించింది. ఊళ్లోనే ఆయనకు సోకింది, బతకలేదు. నువ్వు రమ్మనకపోతే బతికేవాడే అని చుట్టాలు ఇప్పటికీ అంటూనే ఉన్నారట.

నేను నాటకంలో ఉన్నదే చెప్పాను. నిజం తెలిసి తన కళ్లు తానే పొడుచుకున్నాక ఆ బాధలో ఈడిపస్ కూడా తన కాళ్ల కట్లు విప్పి కాపాడినవాణ్ని శపిస్తాడు. దుఃఖంలో మనిషి అలాగే మాట్లాడతాడు. కానీ సోఫొక్లిస్ తన చివరి రోజుల్లో అదే ఈడిపస్‌ను ముసలివాడిగా కొలోనస్ అనే చోటికి తీసుకొచ్చి ఇంకో నాటకం రాశాడు. అందులో ఈడిపస్, నేను తెలియక చేశాను, నాది నేరం కాదు అని గట్టిగా వాదిస్తాడు. నా ఆవేశం నేను చేసిన పొరపాటుకు మించి నన్ను శిక్షించిందని కాలం గడిచాక తెలిసొచ్చింది అని కూడా అంటాడు. ఆ పేజీ తీసి ఆమె చేతికిచ్చాను. చాలాసేపు చదువుకుని, జిరాక్స్ తీయించుకుని వెళ్లింది. కష్టం వచ్చినవాళ్లలో లోపం వెతికే అలవాటు మనకు బయట ఎలాగూ ఉంది. ఆ అలవాటును సోఫొక్లిస్ నెత్తిన పెట్టి క్లాసులో పాఠంగా చెబితే మాత్రం నేను ఒప్పుకోను.

అపోహ: అయితే అంతా విధే, పాత్రలు చేసేదేమీ లేదు.

ఇదీ కాదు. డెల్ఫీలో చెప్పిన మాట రెండింటి గురించే, తండ్రిని చంపడం, తల్లిని పెళ్లాడటం. ఆ రెండూ తెర లేవకముందే అయిపోయాయి. మనం చూసే ఆ ఒక్క రోజులో ఈడిపస్ చేసేవన్నీ అతని నిర్ణయాలే. వద్దని టైరీసియస్ అన్నాడు, జోకాస్టా కాళ్లావేళ్లా పడింది, చెప్పించొద్దని కాపరి ఏడ్చాడు. ఎక్కడ ఆపినా ఆగేది. తెలుసుకునే తీరతానన్నాడు. నువ్వు గుడ్డివాడివి అవుతావని టైరీసియస్ ముందే చెప్పాడు కదా అని తెలివైన విద్యార్థులు అడుగుతారు. చెప్పాడు. కానీ ఒకటి ముందే చెప్పడం వేరు, బలవంతాన చేయించడం వేరు. ఈ కష్టాలు తెచ్చింది అపోలో, కళ్లు పొడిచిన చెయ్యి మాత్రం నాదే అని ఈడిపస్ స్వయంగా కోరస్‌తో, అంటే బృందంగా పాడే థీబ్స్ పెద్దలతో, అంటాడు. క్యారెక్టర్ మీద ప్రశ్న వస్తే రాయాల్సింది ఈ పట్టుదల గురించి.

అపోహ: ప్లాట్ అంటే కథ.

అందుకే జవాబు బిడ్డ పుట్టుకతో మొదలై థీబ్స్‌ను పీడించిన స్ఫింక్స్ అనే రాక్షసి అడిగిన పొడుపుకథ దాకా నాలుగు పేజీలు నడుస్తుంది. ఆ పొడుపుకథ ఏంటో నాటకంలో ఎక్కడా లేదు! కథ ఏథెన్స్ ప్రేక్షకులకు ముందే తెలుసు. మన ఊళ్లలో రాయబారం సీన్‌కి తెల్లారేదాకా కూర్చునే జనం సంధి కుదురుతుందేమో చూద్దామని రారు కదా, ఇదీ అంతే. ఏ సంగతి ఎవరి నోట, ఏ క్రమంలో బయటపడుతుందన్నదే ప్లాట్. లేయస్ హత్య నుంచి తప్పించుకున్న నౌకరూ, బిడ్డను కొండకు మోసుకెళ్లిన కాపరీ ఒక్కడే అన్నది సోఫొక్లిస్ వేసిన ముడి. హంతకుడు ఒకడా, దొంగల గుంపా అని అడగడానికి పిలిపించిన మనిషి చేత ఆ ప్రశ్న అడగనే అడగకుండా, నువ్వెవరి బిడ్డవు అన్నదానికి జవాబు చెప్పిస్తాడు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఈడిపస్‌కి తల్లి మీద కోరిక ఉందనడం అన్యాయం. ఆ పాపం జరగకూడదనే అతను కోరింథ్ వదిలి పారిపోయాడు. ఆ సిద్ధాంతం ఫ్రాయిడ్‌ది, దాన్ని సైకాలజీ పేపర్లో రాసుకోండి.

సోఫొక్లిస్ రాసిన మూడు థీబ్స్ నాటకాలు (ఈడిపస్ రెక్స్, కొలోనస్ నాటకం, ఆంటిగొనీ) వరసగా ఆడటానికి కలిపి రాసిన ట్రిలజీ కావు. ఆంటిగొనీ క్రీ.పూ. 441 ప్రాంతంలో ముందే వచ్చింది. కొలోనస్ నాటకాన్ని సోఫొక్లిస్ పోయాక క్రీ.పూ. 401లో ఆయన మనవడు ఆడించాడు. అందుకే క్రెయాన్ ఒక్కో నాటకంలో ఒక్కోలా ఉంటాడు. ఆంటిగొనీలోని క్రెయాన్‌ను తెచ్చి ఇక్కడ విలన్ చేయొద్దు.

కోరస్ వదిలేయాల్సిన పాట కాదు. ఆ 15 మంది థీబ్స్ పెద్దలూ ఒక పాత్రే. ఈడిపస్‌ను నమ్మాలా వద్దా అని వాళ్లు కిందామీదా పడుతుంటారు.

స్థలం ఒకటే ఉండాలన్న రూలు అరిస్టాటిల్ ఎక్కడా పెట్టలేదు. అది 16వ శతాబ్దపు ఇటలీ విమర్శకులు చేర్చింది.

పరీక్ష దగ్గరపడి చేతులు వణుకుతున్నవాళ్లకు ఒక మాట. నాటకం మొత్తం 1530 లైన్లే, ఒక పూటలో అయిపోతుంది. అంత టైమ్ కూడా లేదంటే, మీ అనువాదంలో అంచున లైన్ నంబర్లు ఉంటే మూడు చోట్లు చాలు. జోకాస్టా ఊరడించే సీన్ 698 నుంచి 862 వరకు, కోరింథ్ దూత సీన్ 924 నుంచి 1072 వరకు, కాపరి సీన్ 1110 నుంచి 1185 వరకు. చదివేటప్పుడు పక్కన పెన్సిల్‌తో ఒక్కటే రాసుకోండి. ఇక్కడ ఎవరికి ఏ సంగతి తెలుసు, ఎవరికి ఇంకా తెలియదు. జోకాస్టాకు అసలు విషయం ఈడిపస్ కంటే ముందే అర్థమైపోతుంది. ఆమె ఏ లైన్ దగ్గర మాట్లాడటం మానేసి, దూత చెప్పేది వింటూ ఉండిపోయిందో పట్టుకోండి. అక్కడి నుంచి మీ జవాబు మొదలుపెట్టొచ్చు.