అంగిలి మీద నిప్పు

శ్రీకాకుళం, విశాఖపట్నం తీర గ్రామాల్లో వెనకటి తరం స్త్రీలు చుట్టను తిరగేసి, నిప్పు కొసను నోట్లో ఉంచుకుని తాగేవారు. దాన్ని అడ్డపొగ అంటారు. అలా తాగితే చుట్ట నెమ్మదిగా కాలుతుంది, గాలికి ఆరిపోదు. పొలంలోనో చెరువు గట్టునో చేతినిండా పని ఉన్న మనిషికి అది నిజంగానే సౌకర్యం. అందుకే ఆ అలవాటును వింతగా చూసి నవ్వుకోవడం నాకు నచ్చదు.

కానీ వందల డిగ్రీల వేడితో మండే కొస అంగిలికి అంగుళం దూరంలో కూడా ఉండదు. వేడి, పొగలోని విషాలు రెండూ ఒకేచోట, రోజూ, ఏళ్ల తరబడి తగులుతాయి. అంగిలి ముందు తెల్లబారుతుంది. అక్కడి చిన్న లాలాజల గ్రంథుల నోళ్లు ఎర్రటి చుక్కల్లా ఉబ్బుతాయి. కొందరిలో అది పుండై క్యాన్సర్‌గా మారుతుంది. మామూలుగా పొగతాగేవారిలో గట్టి అంగిలికి, అంటే నోటి పైకప్పులో ఎముక ఉన్న ముందు భాగానికి, క్యాన్సర్ రావడం చాలా అరుదు. ఈ తీరంలో మాత్రం అది పదేపదే కనిపించింది.

గోవిందరెడ్డి, రావు అనే ఇద్దరు పరిశోధకులు ఈ సంబంధాన్ని వివరిస్తూ 1957లోనే పత్రం ప్రచురించారు. పొగాకు ప్రమాదంపై అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి ప్రసిద్ధ నివేదిక 1964లో గానీ రాలేదు. పొగాకు హెచ్చరికల చరిత్ర చెప్పేటప్పుడు లండన్, వాషింగ్టన్‌ల పక్కన మన తీరం పేరు కూడా రావాలి. తర్వాత ముంబయిలోని టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థ పరిశోధకులు, డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్ కలిసి ఈ ప్రాంతంలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, 1971లో ఫలితాలు ప్రకటించారు.

1975 చట్టం సిగరెట్ పెట్టెల మీద హెచ్చరిక ముద్రించమంది. 2003 చట్టం ఇతర పొగాకు ఉత్పత్తులనూ చేర్చింది. 2009లో బొమ్మలు వచ్చాయి, 2016 నుంచి బొమ్మ, రాత కలిసి పెట్టె ముందు, వెనక వైపుల్లో 85 శాతం ఆక్రమించాయి. ఇవన్నీ అవసరమే. అయితే ఇంట్లో ఆకు చుట్టుకుని తాగే అవ్వకు పెట్టె ఎక్కడిది? ఆ హెచ్చరికను ఎక్కడ ముద్రిస్తారు?

దానికి జవాబు కూడా ఇక్కడే దొరికింది. శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాల్లో దాదాపు 36,000 మంది పొగాకు వాడేవారిని పరిశోధకులు ఏళ్ల తరబడి కలుస్తూ, నోరు పరీక్షిస్తూ, మానమని ఎదురుగా కూర్చుని చెప్పారు. కొందరు మానేశారు, మరికొందరు తగ్గించారు. క్యాన్సర్‌కు ముందు వచ్చే తెల్లమచ్చలు వారిలో తక్కువగా పుట్టాయి.