పేరు వేస్తే సరిపోతుందా? కాపీరైటు, ఓపెన్ లైసెన్సులపై అపోహలు - వాస్తవాలు

విశాఖ ద్వారకానగర్‌లో కోచింగ్ నోట్సు వేసినా, కాలనీ సంఘం సావనీరు కట్టినా, కాలేజీ మ్యాగజైను తెచ్చినా డీటీపీ బల్ల దగ్గర వినపడే మాట ఒకటే: “నెట్‌లో ఉంది కదండీ, దింపి పెట్టేయండి.” పెట్టొచ్చా లేదా అన్నది ఒక్క మాటలో తేలదు. ఒక్కో పేజీలో రచన ఒకరిది, అనువాదం ఇంకొకరిది, బొమ్మ మరొకరిది. ఏ పొరకు ఆ పొర విడదీసి చూడాలి. విశాఖ మీద ఒక సావనీరు వేస్తున్నామనుకుని చూద్దాం.

అపోహ: సున్నాలో సి అక్షరం లేకపోతే కాపీరైటు లేనట్టే.

1957 నాటి మన చట్టం ప్రకారం రచన కాగితం మీదకో ఫైల్లోకో వచ్చిన క్షణానే హక్కు పుడుతుంది. గుర్తు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల పీడీఎఫ్‌లు ఎవరైనా దింపుకుని చదువుకోవచ్చు. అంతమాత్రాన వాటిని అచ్చేసి అమ్ముకోమని ఎవరూ చెప్పలేదు.

అపోహ: పాతదైతే ఎవరిదీ కాదు.

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. లెక్క పుస్తకం వయసుతో కాదు, రచయిత మరణంతో మొదలవుతుంది. చనిపోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు. విశాఖలో పుట్టిన శ్రీశ్రీ 1983లో పోయారు, కాబట్టి గడువు 1984 జనవరి 1న మొదలై 2043 డిసెంబరు 31తో ముగుస్తుంది. 1930ల్లో రాసిన కవితైనా సరే, అప్పటిదాకా అనుమతి కావాలి. 1993లో పోయిన రావిశాస్త్రి కథలకు 2053 ఆఖరు దాకా ఆగాలి. 1915లో కన్నుమూసిన గురజాడ రచనలు ఏనాడో స్వేచ్ఛ పొందాయి, సావనీరులో నిశ్చింతగా వేసుకోవచ్చు.

అయితే గురజాడ కథను ఏ ప్రతి నుంచి ఎక్కిస్తున్నారో చూసుకోండి. నిన్నమొన్నటి ముద్రణలోని ముందుమాట, పాదసూచికలు, లోపలి బొమ్మలు వాటి కర్తలవే. అనువాదమూ అంతే. మూలానికి గడువు తీరినా, తెలుగు చేసినవారి 60 ఏళ్లు వేరుగా నడుస్తుంటాయి. పాత రికార్డు పాటైతే మరీ చిక్కు. సౌండ్ రికార్డింగుకి విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి వారివారి మరణం తర్వాత 60 ఏళ్లు. రికార్డుకు గడువు తీరినంతలో సాహిత్యం ఉచితమైపోదు. ఫొటోలకూ 2012 సవరణతో ఫొటోగ్రాఫరు జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు అయింది.

అపోహ: పేరు వేశాం కదా, ఇంకేం కావాలి?

పేరు వేయడం మర్యాద, అనుమతి వేరు. హక్కులన్నీ రిజర్వు చేసుకున్న ఫొటో కింద పేరు వేసినా అది అనుమతి లేని వాడకమే. క్రియేటివ్ కామన్స్ (సీసీ) అనే ఓపెన్ లైసెన్సు ఉంటే అనుమతి ముందే ఇచ్చేసినట్టు, కానీ షరతులతో. “సోర్స్: గూగుల్” అని కింద కొడితే ఆ షరతు తీరదు. గూగుల్ ఫొటో తీయలేదు. పేరు వేసే వరుస ఇలా ఉండాలి:

“కైలాసగిరి శివపార్వతులు”. ఫొటో: తీసినవారు చెప్పుకున్న పేరు. వికీమీడియా కామన్స్ నుంచి. సీసీ బై-ఎస్ఏ 4.0. అంచులు కత్తిరించాం.

ఇందులో బై అంటే కర్త పేరు చెప్పాలని, ఎస్ఏ అంటే మార్చి పంచితే అదే లైసెన్సు కింద పంచాలని, 4.0 అంటే లైసెన్సు వెర్షన్. ఈ వరుసతోపాటు అచ్చులోనైతే ఫొటో పేజీ, లైసెన్సు పేజీల చిరునామాలు వేయాలి, తెరమీదైతే లింకులివ్వాలి. వెర్షన్ నంబరు వదిలేయకండి. షరతు తప్పితే వాడుకునే హక్కు పోతుంది. 4.0లో తప్పు తెలిసిన 30 రోజుల్లోపు సరిదిద్దుకుంటే హక్కు దానంతటదే తిరిగొస్తుంది. 3.0లో ఆ వెసులుబాటు లేదు.

అపోహ: మాది లాభాపేక్ష లేని సంఘం, ఎన్‌సీ ఉన్నా ఫర్వాలేదు.

ఎన్‌సీ అంటే వాణిజ్యానికి వాడొద్దని. అది చూసేది వాడేవాళ్లను కాదు, వాడకాన్ని. ప్రకటనల పేజీలు అమ్మి వేస్తున్న సావనీరులో ఎన్‌సీ బొమ్మ పెట్టకపోవడమే మంచిదని మా అభిప్రాయం. ఎన్‌సీ లేని బై-ఎస్ఏ బొమ్మను మాత్రం అమ్మే పుస్తకంలోనూ వాడొచ్చు. దాన్ని పెట్టినంతలో పుస్తకమంతా అదే లైసెన్సు కిందికి వచ్చేస్తుందన్న భయమూ అనవసరం. బొమ్మకు రంగులు మార్చారనుకోండి, మార్చిన ఆ బొమ్మ వరకే షరతు.

పొత్తు కుదరనివీ ఉన్నాయి. తెలుగు వికీపీడియా పాఠం బై-ఎస్ఏ, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం నెట్‌లో పెట్టిన ఓపెన్ కోర్సువేర్ పాఠాలు బై-ఎన్‌సీ-ఎస్ఏ. రెండూ కలిపి ఒకే వ్యాసంగా తిరగరాస్తే దానికి ఏ లైసెన్సు పెట్టినా రెండోదాని షరతు తప్పుతుంది. విడివిడి వ్యాసాలుగా వేసుకోండి. మార్చి పంచొద్దనే ఎన్‌డీ షరతు ఉన్న సంగీతాన్ని వీడియో వెనక పెట్టినా తప్పే. కదిలే దృశ్యానికి జతచేయడాన్ని కూడా మార్పుగానే లెక్కగడుతుంది ఆ లైసెన్సు.

అపోహ: బీచ్‌రోడ్డులో ఉన్నవన్నీ అందరివీ.

విగ్రహాల విషయంలో నిజమే. జనం వెళ్లగలిగే చోట శాశ్వతంగా నిలిపిన శిల్పాన్ని ఫొటో తీసి వేసుకోవచ్చని కాపీరైటు చట్టం సెక్షన్ 52 చెబుతోంది. గోడమీది పెయింటింగుకు ఆ మినహాయింపు లేదు. అట్టమీద గోడబొమ్మను నిండుగా వేయాలంటే గీసినవారిని అడగాలి. ఇక ఫొటో విషయానికొస్తే, డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. స్నేహితుడు ఊరికే తీసిచ్చింది మాత్రం స్నేహితుడిదే. అతను హక్కు రాసిస్తే కాలం, ప్రాంతం కూడా రాయించుకోండి. కాలం రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని చట్టమే పూరిస్తుంది.

అపోహ: 10 శాతం లోపు, 30 సెకన్ల లోపు వాడితే తప్పులేదు.

అలాంటి అంకె మన చట్టంలో లేదు. సొంత చదువు, విమర్శ, సమీక్ష, వార్తా కథనం వంటి పనులకు న్యాయమైన వాడకం అన్నదే కొలత. పాఠం చెప్పేటప్పటి ప్రతులకు మినహాయింపుందని 2016లో ఢిల్లీ హైకోర్టు కోర్సు ప్యాక్ (పుస్తకాల్లోని పేజీల జిరాక్సుల కట్ట) కేసులో చెప్పిన మాట నిజం. నోట్సు అచ్చేసి బజార్లో అమ్మడానికి దాన్నే అడ్డం పెట్టుకోవడం తొందరపాటు.

ఫాంట్ల దగ్గర దిగులక్కర్లేదు. గూగుల్ ఫాంట్స్‌లోని మండలి, గిడుగు, గురజాడ వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. వాటితో పేజీలు కట్టి పుస్తకం అమ్ముకోవచ్చు. ఫాంటు ఒక్కదాన్నే అమ్మకూడదు.

అపోహ: సీసీ కింద పెట్టినవాళ్లు తర్వాత తీసేస్తే మనం ఇరుక్కుంటాం.

సీసీ లైసెన్సు ఒకసారి ఇచ్చాక, షరతులు పాటిస్తున్నంతకాలం, వెనక్కి తీసుకోవడానికి లేదు. చిక్కల్లా రుజువుతోనే. దింపిన రోజే ఫైలు పేరు, పేజీ చిరునామా, తేదీ, లైసెన్సు వెర్షను ఒక షీట్లో ఎక్కించి, పేజీ స్క్రీన్‌షాట్ పక్కన పెట్టుకోండి. పెట్టినవారు అసలు హక్కుదారేనా అన్నదీ అప్పుడే చూడాలి. సినిమా పాటను ఎవరో సీసీ బై అని ఎక్కించినంతలో అది సీసీ కాదు. ఆఖరి పేజీలో “ఈ సంచిక సీసీ బై-ఎస్ఏ 4.0” అని మీరే వేయదలిస్తే, రాసిన ప్రతి ఒక్కరి నుంచీ రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకోండి. అనుమతి మీద వేసుకున్న శ్రీశ్రీ కవితను మాత్రం “దీనికి వర్తించదు” అని పేరుపెట్టి మినహాయించండి.