డ్రైవ్‌లో ప్రీచార్జ్ ఫాల్ట్: అపోహలు, వాస్తవాలు

రాజాం జూట్ మిల్లయినా, పైడిభీమవరం ఫార్మా యూనిట్ అయినా, వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) ప్రీచార్జ్ ఫాల్ట్, అంటే లోపలి కెపాసిటర్లను మెల్లగా నింపే ఏర్పాటులో లోపం, చూపగానే వినిపించే మాటలు దాదాపు ఇవే.

అపోహ: రెసిస్టర్ కాలింది, కొత్తది వేస్తే సరి.

వాస్తవం: చాలాసార్లు తప్పు రెసిస్టర్‌ది కాదు. మెయిన్స్ ఇవ్వగానే ఖాళీ కెపాసిటర్లు లాగే కరెంటును అదుపు చేయడమే దాని పని. 415 వోల్టుల సరఫరాకు డీసీ బస్ (ఆ కెపాసిటర్లున్న డీసీ లైను) సుమారు 585 వోల్టులు. 47 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే తొలి కరెంటు 12 ఆంపియర్ల చిల్లర దాటదు. అర సెకనులో బస్ నిండాక రెసిస్టర్‌ను తప్పించి కరెంటుకు దారిచ్చే బైపాస్ రిలే మూసుకోవాలి. మూసుకోకపోతే మోటారు భారమంతా రెసిస్టర్ మీదే. అందులో 2 ఆంపియర్లు పారినా 94 వోల్టులు అక్కడే పోతాయి, 188 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సిమెంట్ రెసిస్టర్ అంత తట్టుకోలేదు.

కాబట్టి ముందు రిలే కాయిల్‌కు వోల్టేజీ అందుతోందా, కాంటాక్టులు మాడాయా, రిలే మూసుకుందని తెలిపే ఆక్సిలరీ కాంటాక్ట్ సిగ్నల్ కంట్రోల్ బోర్డుకు చేరుతోందా చూడాలి. జూట్ పొడి, తీరప్రాంతపు తేమ కాంటాక్టులకు పడవు. పెద్ద డ్రైవ్‌లలో రిలేకు బదులు థైరిస్టర్లు (ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) ఉంటాయి, అక్కడ వాటిని ఆన్ చేసే గేట్ పల్స్ చూడాలి. తర్వాత సరఫరా ఆపి, చివర చెప్పినట్టు బస్ ఖాళీ అయిందని తేల్చుకున్నాక, మీటరును డయోడ్ మోడ్‌లో పెట్టి ప్లస్, మైనస్ బస్‌ల నుంచి మోటారుకు వెళ్లే యూ, వీ, డబ్ల్యూ టెర్మినళ్లకు కొలవండి. ఐజీబీటీ (బస్ నుంచి మోటారుకు కరెంటు పంపే స్విచ్) షార్ట్ అయితే కొత్త రెసిస్టర్ కూడా కాలుతుంది.

అపోహ: ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఫాల్ట్ పోతుంది.

వాస్తవం: 2000 మైక్రోఫారడ్ల బస్ ఖాళీ నుంచి నిండిన ప్రతిసారీ సుమారు 340 జూళ్ల వేడి రెసిస్టర్‌లో దిగుతుంది. ఓమ్‌లు పెంచినా ఈ లెక్క మారదు. గంటకు ఎన్నిసార్లు ఆన్ చేయవచ్చో మాన్యువల్‌లో ఉంటుంది, అది దాటొద్దు.

అపోహ: డిస్‌ప్లే వెలిగిందంటే ప్రీచార్జ్ బాగున్నట్టే.

వాస్తవం: కాదు. డిస్‌ప్లేకు కావాల్సిన కొద్దిపాటి కరెంటు రెసిస్టర్ గుండానే అందుతుంది. బస్ వోల్టేజీ పారామీటర్ చూస్తూ మోటారుకు లోడ్ ఇవ్వండి. 560 దగ్గర నిలిస్తే సరే. 450కి జారితే బైపాస్‌ను అనుమానించండి. దానికి ముందు లోడ్‌లోనే మూడు ఫేజులూ కొలవాలి, ఒక ఫేజు పోయినా బస్ పడిపోతుంది.

అపోహ: బస్‌లో వోల్టేజీ ఉందని చూపే చార్జ్ లైటు ఆరింది, చెయ్యి పెట్టొచ్చు.

వాస్తవం: లైటే పోయి ఉండొచ్చు. సరఫరా ఆపి లాక్ చేసి, లేబుల్ మీదున్న నిమిషాలు ఆగాక ప్లస్, మైనస్ టెర్మినళ్ల మధ్య మీటరుతో కొలిచిన అంకెనే నమ్మాలి.