సిమ్యులేషన్ అంటే కంప్యూటర్లో బొమ్మలాట కాదప్పా: అపోహలు - వాస్తవాలు

మిల్లులు, గోడౌన్లు, ఆస్పత్రులు... ఇట్లాంటి చోట పని యాడ ఆగుతోందో కంప్యూటర్లో మోడల్ కట్టి చూసేది నా పని, దాన్నే సిమ్యులేషన్ అంటారు. కర్నూలు, అనంతపురం వైపు ఎవరికన్నా ఈ మాట చెప్తే ముందు "గేమా?" అంటారు, తర్వాత "ఎంతవుతుంది?" అంటారు. ఆ రెంటి మధ్యలో వినపడే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నా. ఉదాహరణకి ఆదోని వైపు జిన్నింగ్ మిల్లే (పత్తి నుంచి గింజలు వేరుచేసేది) తీసుకుంటా, పత్తి సీజన్లో మిల్లు గేటు ముందర ట్రాక్టర్ల లైను చూడనోళ్లు మనవైపు తక్కువ కదా.

అపోహ: ఇదంతా కియా లాంటి పెద్ద కంపెనీలకి, మనకెందుకు

ఒకప్పుడు నిజమే. 1961లో ఐబీఎంలో జాఫ్రీ గోర్డన్ జీపీఎస్ఎస్ అనే సిమ్యులేషన్ భాష తయారుచేసినప్పుడు గది నిండా ఉండే మెషీన్ కావాల్సి వచ్చేది. ఇప్పుడు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో సిమ్‌పై ఫ్రీ, జామ్‌సిమ్ ఫ్రీ, రెండూ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్లే, మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఖర్చంతా సాఫ్ట్‌వేర్‌లో లేదు, గేటు దగ్గర నిలబడి టైమ్ రాసుకునే మనిషి జీతంలో ఉంది.

అపోహ: సగటు తెలిస్తే చాలు, దానికి క్యాలిక్యులేటర్ ఉంది కదా

అసలు గొడవంతా ఇక్కడే. ఓనర్‌ని అడిగితే "కాటా మీద బండికి 4 నిమిషాలు, బండ్లు పది నిమిషాలకొకటి వస్తాయి, మరి లైను ఎందుకు కడ్తాందో అర్థం కాలే సార్" అంటాడు. మొదట మర్చిపోయేది ఏందంటే ప్రతి బండీ వేబ్రిడ్జి, అదే బండ్లు తూచే కాటా, రెండుసార్లు ఎక్కుతుంది, లోడుతో ఒకసారి, పత్తి దించినాక ఖాళీగా ఇంకోసారి. అంటే 4 కాదు, 8 నిమిషాలు. అయినా 10లో 8 పోతే ఇంకా 2 మిగిలినాయి కదా అంటాడు, లెక్క ప్రకారం కరెక్టే, కానీ బండ్లు గడియారం చూసుకుని పదేసి నిమిషాలకి రావు, పొద్దున ఒక ఊరి నుంచి అయిదారు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, తర్వాత అరగంట గేటు ఖాళీ, ఆ ఖాళీగా పోయిన అరగంటని దాచిపెట్టుకుని మధ్యాహ్నం రద్దీలో వాడుకోలేం.

రాకలో, తూకంలో ఎగుడుదిగుడు బాగా ఉందనుకుని క్యూయింగ్ థియరీలో (లైన్లని లెక్కగట్టే గణితం) మొదటి పాఠం ఫార్ములా వేస్తే, లైన్లో నిలబడేది, తూకం రెండూ కలిపి ఒక్కో బండికి సగటున 40 నిమిషాలు కాటా దగ్గరే పోతాయి. ఇప్పుడు అదే బండ్లు 10కి బదులు 9 నిమిషాలకొకటి వస్తే? ఒక్క నిమిషమే తేడా కదా అనిపిస్తుంది, కానీ 40 కాస్తా 72 అవుతుంది! 8 నిమిషాలకొకటి వస్తే ఇంక లైనుకి అంతు ఉండదు. ఇది కొత్తగా కనిపెట్టిందేం కాదు, కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో ఎర్లాంగ్ అనే ఆయన ఈ దోవ పట్టింది 1909లోనే.

ఫార్ములా ఉందిగా, మరి సిమ్యులేషన్ ఎందుకు అంటే, ఫార్ములాకి హమాలీల అన్నం టైమ్ తెలీదు. తేమ గొడవ తెలీదు. సీసీఐ (కేంద్రం తరఫున పత్తి కొనే కాటన్ కార్పొరేషన్) కొనుగోల్లో తేమ 8 శాతం దాకా పూర్తి మద్దతు ధర, ఆపైన కోత, 12 దాటితే కొనరు, అదే ప్రైవేట్ మిల్లులో అయితే బేరం మొదలవుతుంది, కొందరిది రెండు మాటల్లో తెగుతుంది, ఒకాయన మాత్రం బండి అడ్డంగా పెట్టి తూకం రాసే అబ్బాయితో వాదిస్తానే ఉంటాడు, వెనకున్నోళ్లంతా హారన్లు. మోడల్లో ఈ బేరాన్ని కూడా ఒక స్టేజీగా పెట్టాల్సిందే. పెట్టకపోతే లైను కంప్యూటర్లో ఉండదు, గేటు దగ్గర ఉంటుంది.

అపోహ: కంప్యూటరే బెస్ట్ ఐడియా చెప్పేస్తుంది

చెప్పదు. "ఇట్ల చేస్తే ఏమవుతుంది" అని మనం అడగాలి, అడిగినదానికే జవాబు. ఒక మిల్లాయన రెండో వేబ్రిడ్జి కావాల్సిందే అని పట్టుబట్టినాడు, మోడల్లో పెట్టి చూపిస్తే లైను గేటు నుంచి లేచి దించే ప్లాట్‌ఫారం దగ్గర కూర్చుంది, బండి బయటపడే టైమ్ పెద్దగా తగ్గలే. హమాలీలు అందరూ ఒకేసారి అన్నానికి పోకుండా రెండు బ్యాచ్‌లుగా పోతే ఎట్లుంటుంది అనేది మాకు తట్టలే, దించే దగ్గరి మేస్త్రీ అడిగినాడు. మోడల్లో అది వేబ్రిడ్జి కన్నా బాగా పనిచేసింది, ఖర్చు సున్నా.

అపోహ: స్క్రీన్ మీద బండ్లు బాగా తిరుగుతున్నాయి, మోడల్ కరెక్టే

త్రీడీ యానిమేషన్ చూసి మురిసిపోతే అయిపోయినట్టే. బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా లోపల అంకెలు తప్పుగా ఉండొచ్చు. నేను మొదట చూసేది లిటిల్స్ లా, జాన్ లిటిల్ 1961లో రుజువు చేసింది: గంటకి 6 బండ్లు వస్తా, ఒక్కోటి లోపల 2 గంటలు ఉంటే, సగటున లోపల 12 బండ్లు ఉండాలి. మోడల్ 20 చూపిస్తే యాడో తప్పుంది, వెతకాలి. తర్వాత నిన్నటి గేటు రిజిస్టర్ తీసి అదే రోజు మోడల్లో నడిపి పోల్చాలి. అప్పటిదాకా ఓనర్‌కి యానిమేషన్ చూపించను, చూస్తే నమ్మేస్తారు, అదీ భయం.

అపోహ: ఒకసారి రన్ చేస్తే రిజల్ట్ వచ్చేసినట్టే

ఒక రన్ అంటే ఒక రోజు. ఒక్క సోమవారం చూసి సీజన్ మొత్తానికి తీర్పు చెప్తామా? రాండమ్ నంబర్లు మార్చి చాలాసార్లు నడపాలి, సగటుతో పాటు రేంజ్ కూడా చెప్పాలి. రెండు ప్లాన్లు పోల్చేటప్పుడు రెంటికీ అవే రాకలు, అవే నంబర్లు ఇవ్వాలి, లేకపోతే ప్లాన్ గెలిచిందా అదృష్టం గెలిచిందా తెలీదు. ఇంకోటి, మోడల్ ఖాళీగా మొదలవుతుంది కాబట్టి మొదట్లో కొంత టైమ్ డేటా కోసిపారేయాలని కోర్సుల్లో చెప్తారు, అది రాత్రీపగలూ నడిచే ఆస్పత్రి వార్డుకి కరెక్ట్, పొద్దున ఖాళీగా తెరిచి రాత్రి మూసే మిల్లుకి అట్ల కోస్తే పొద్దుటి రద్దీనే పోతుంది. చాలామంది అలవాటులో కోసేస్తుంటారు.

అపోహ: మా దగ్గర డేటా లేదు, కాబట్టి కుదరదు

కుదురుతుంది. మేస్త్రీని "ట్రాక్టర్ దించడానికి బాగా తక్కువంటే ఎంత, మామూలుగా ఎంత, బాగా ఎక్కువంటే ఎంత" అని మూడు ప్రశ్నలు అడిగితే ఆ మూడు అంకెలతోనే టైములు ఎట్ల మారతాయో గీసే ట్రయాంగులర్ డిస్ట్రిబ్యూషన్‌తో మొదలుపెట్టొచ్చు. ఆ అంకె అటూఇటూ మార్చి చూస్తే, ఫలితం మారకపోతే దాన్ని వదిలేయొచ్చు, మారితే అప్పుడు స్టాప్‌వాచ్ పట్టుకుని కొలవాలి. స్టాప్‌వాచ్ తీసేముందు మాత్రం హమాలీలతో కూర్చుని ఎందుకో చెప్పండి, లేకపోతే కూలి కోస్తారేమో అని ఆరోజు పని తీరే మారిపోతుంది, కొందరు పరిగెత్తుతారు, కొందరు కావాలని నెమ్మదిస్తారు, రెండు లెక్కలూ పనికిరావు.

అపోహ: ఏఐ వచ్చింది కదా, ఇంక ఇదెందుకు

రేపు ఎన్ని బండ్లు వస్తాయో అంచనాకి ఏఐ బాగానే పనికొస్తుంది, ఆ అంచనా తెచ్చి మోడల్లో పెట్టుకుంటాం కూడా. కానీ మీ పాత డేటాలో రెండో వేబ్రిడ్జి లేదు, రెండు బ్యాచ్‌ల అన్నం టైమ్ లేదు, జరగనిదాని గురించి దానికేం తెలుస్తుంది?

మొదలుపెట్టాలనుకునేటోళ్లు గేటు రిజిస్టర్లో బండి నంబర్ పక్కన నాలుగు టైములు రాయించండి: వచ్చింది, లోడు తూకం, దించుడు అయింది, ఖాళీ తూకం. రెండు మూడు వారాలు, సంత రోజులు కూడా కలిసేట్టు. "సుమారు 11" అని రాస్తే ఒప్పుకోవద్దు, 10:52 అయితే 10:52 అనే రాయాలి.